రోట్లో ఎండ పడే పొద్దు

పోయిన వారం సుంకమ్మ ఫోన్ చేసింది. బాగున్నారా అనడం, ఆరోగ్యం ఎలా ఉందనడం లాంటివి ఆమెకు రావు. "మేడం, మా పాత మిద్దె పడగొడతాండాం. మిషన్ మాట్లాడినాం. రోట్లో ఎండ పడే పొద్దుదాకా ఆగమని మావాళ్లతో కొట్లాడి ఆపించినా. ఒకతూరి వచ్చి సూసిపోండి" అంది. వస్తానన్నాను. ఫోన్ పక్కన పెట్టి చూసుకుంటే స్టవ్ మీద పాలు పొంగి గట్టంతా పారుతున్నాయి. సుంకమ్మ నా మొదటి ఉద్యోగంలో, నా మొదటి ఏడో తరగతిలో చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఆమె మనవరాలే ఏడో తరగతి. నలభై ఏళ్ల కిందట ఆమెకు నేనొక నిజం చెప్పాల్సి ఉండగా చెప్పలేదు. ఆ నిజం నాకు తెలిసింది ఆ మిద్దెలోనే, ఆ రోటి దగ్గరే. మిద్దె కూడా పోతే ఇంక చెప్పడానికి చోటే మిగలదేమోనని భయం పట్టుకుంది.

శింగనమల చెరువు చూసినవాళ్లు మా జిల్లాలో నీళ్లు లేవంటే నమ్మరు. ఆ చెరువు నీళ్లు ఎక్కని మెట్ట మీద ఉంది నేను మొదట పని చేసిన ఊరు. అనంతపురం టౌనులో గుమాస్తా కూతురిగా పెరిగిన నాకు బస్సు దిగగానే కనిపించినవి ఎర్రమట్టి, రాళ్లు, దూరంగా ఒక గొర్రెల మంద. అంతే. బడిలో ఐదుగురు టీచర్లం, ఆడమనిషిని నేనొక్కదాన్నే. హెడ్మాస్టరు గారు మాట్లాడి ఓబుళమ్మ అవ్వ ఇంట్లో ముందు గది ఇప్పించారు. ఆ ఇంట్లో అవ్వ, ఆమె కొడుకు నారాయణప్ప, కోడలు, మనవరాలు సుంకమ్మ ఉండేవారు. రాతి గోడలు, పైన బండలు పరిచి మట్టి పోసిన మిద్దె. కప్పు మధ్యలో జానెడు చదరంగా ఒక రంధ్రం వదిలారు. దాన్ని గవాచి అంటారు. పొగ పైకి పోవడానికీ, వెలుతురు కిందికి రావడానికీ అదే దారి. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి దాని మీద బండ మూస్తారు. ఆ పని ఏడాదికి ఎన్నిసార్లు పడేదో వేళ్ల మీద చెప్పొచ్చు. గవాచికి సరిగ్గా కింద, నేలలో పాతిన రోలు. చీకటింట్లో దంచేవాళ్లకు వెలుతురు కావాలని ఏ కాలంలో ఎవరు పాతించారో అవ్వకు కూడా తెలియదు.

ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ గుర్తే. వేయించిన చెనక్కాయల, అదే వేరుశెనగల, పొట్టు, కాల్చిన మిరపకాయలు, సంగటి కుండలో అడుగంటిన రాగిపిండి, మూలన కట్టేసిన మేకపిల్ల. పొద్దున్నే అవ్వ ఆ రోట్లో ఊరిబిండి అనే కారం పచ్చడి దంచుతుంటే ఆ ఘాటుకు ముందు గదిలో నేను తుమ్మేదాన్ని. "టౌను ముక్కు" అని ఆమె నవ్వేది. అవ్వకు చదువు రాదు. ఇంట్లో గడియారం లేదు. నా చేతి గడియారం చూసి "దానికి కీ ఇయ్యకపోతే పొద్దు ఆగిపోతాదేమి" అని ఎగతాళి చేసేది. ఆమె కాలమంతా గవాచిలోంచి నేల మీద పడే ఎండ బిళ్లతోనే నడిచేది. రోటికి ఉత్తరంగా ఉన్న బండల మీద వరసగా సున్నం గీతలు పెట్టుకుంది. చలికాలం నడిపొద్దున బిళ్ల ఉత్తర గోడ వైపు, గింజల బానల దగ్గర పడుతుంది. చలి తగ్గేకొద్దీ రోజూ కాస్త కాస్త రోటి వైపు జరుగుతుంది. భరణి కార్తెలో, అంటే ఏప్రిల్ ఆఖర్న, ఒకనాడు సరిగ్గా రోట్లోకి వస్తుంది.

ఆ రోజు ఆ ఇంట్లో ఏదీ దంచరు. రోలు కడిగి, పసుపు రాసి, నీళ్లు పోసి ఉంచుతారు. ఆ పూట సంగటిలోకి మజ్జిగా, ఎర్రగడ్డ అనే ఉల్లిపాయే దిక్కు. తర్వాత బిళ్ల రోలు దాటి దక్షిణానికి మూరెడు దూరం పోయి, అక్కడ కొన్నాళ్లు నిలబడి, వెనక్కి తిరుగుతుంది. ఆగస్టులో వచ్చే ఆశ్లేష కార్తెలో రెండోసారి రోట్లో పడుతుంది. ఈ రెండింటి మధ్యే వాన చూసుకుని విత్తనం వెయ్యాలి. "బిళ్ల రెండోతూరి రోట్లోకొచ్చినాక చెనక్కాయ ఎయ్యగూడదు. ఉలవలు సల్లుకుని గమ్మునుండాల" అని అవ్వ ఖరాఖండిగా చెప్పేది. నారాయణప్ప కూడా ఆ మాట దాటేవాడు కాదు. నేను మాత్రం ఇదంతా ముసలమ్మ చాదస్తమనుకున్నాను. డిగ్రీ సైన్సులో ఫస్టు క్లాసు తెచ్చుకున్నదాన్ని, నేల మీద సున్నం గీతలు చూసి నేర్చుకునేదేముంటుంది అనుకున్నాను.

ఏడో తరగతిలో రుతువుల పాఠం వచ్చింది. బోర్డు మీద సూర్యుణ్ణి గీసి, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో భూమి దారి గీసి, "ఇక్కడ భూమి సూర్యుడికి దగ్గరగా ఉంది, అందుకే ఎండాకాలం. ఇక్కడ దూరంగా ఉంది, అందుకే చలికాలం" అన్నాను. చిన్నప్పుడు నాకెవరో అలాగే చెప్పారు, నేను నమ్మాను. పొయ్యి దగ్గర కూర్చుంటే వేడి, దూరం జరిగితే చలి. ఇందులో ఇంక అనుమానమేముంది. నిజానికి పుస్తకంలో భూమి ఒరిగి తిరుగుతుందని ఒక పేరా ఉంది. అది నాకే సరిగ్గా అర్థం కాలేదు. తనకు అర్థం కానిదాన్ని పరీక్షకు ముఖ్యం కాదని చెప్పి దాటెయ్యడం కొత్త టీచరు మొట్టమొదట నేర్చుకునే విద్య. నేనూ నేర్చుకున్నాను.

మూడో వరసలోంచి సుంకమ్మ లేచింది. ఆముదం పెట్టి బిగించి అల్లిన రెండు జడలు, పెద్ద కళ్లు. "దగ్గరికొస్తే సూర్యుడు పెద్దగా అగుపడాల గదా మేడం" అంది. "పొద్దు మునిగేటప్పుడు నేను దినామూ సూస్తా. ఎండాకాలమూ అంతే ఉంటాడు, సలికాలమూ అంతే ఉంటాడు. మా గవాచి బిళ్ల మాత్రం జరుగుతాది." పిల్లలు నవ్వారు. నా మొహం వేడెక్కింది. నేనున్న ఇంటి పిల్ల, నా పక్కన కూర్చుని సంగటి తినే పిల్ల, నలుగురిలో నన్ను తప్పు పడుతుందా అని ఒళ్లు మండింది. "గవాచి సంగతి మీ అవ్వకు చెప్పుకో. పరీక్షలో నేను చెప్పింది రాయి" అన్నాను. "అట్లే మేడం" అని కూర్చుంది.

కానీ రాయలేదు. ఏడాది చివరి పరీక్షలో ఎండాకాలం ఎందుకు వస్తుందని ఐదు మార్కుల ప్రశ్న ఇచ్చాను. ఆమె రాసింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికి రాడు. నెత్తి మీదికి వస్తాడు. చలికాలంలో పక్కకు పోతాడు. అప్పుడు ఎండ ఏటవాలుగా పడుతుంది. మా ఇంట్లో చూసినాను." ఆ చివరి మాట నాకు పొగరుగా కనిపించింది. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి సున్నా వేశాను. సైన్సులో ఆమెకు మొత్తం ముప్పై మూడొచ్చాయి. పాసు కావడానికి ముప్పై అయిదు రావాలి.

నారాయణప్ప ముందే చెప్పి ఉన్నాడు. "అన్నిట్లో పాసైతే శింగనమల హైస్కూలుకు పంపిస్తా. ఒక్కదాంట్లో తప్పినా సాలు, మేకల ఎంబడి పోతాది." ఆయన కఠినుడేం కాదు. వానలు వరసగా మొహం చాటేసిన కాలం, ఇంట్లో ప్రతి చెయ్యీ పనికి కావాలి. ఆడపిల్లను బస్సెక్కించి దూరం పంపాలంటే ఊళ్లోవాళ్లకు చెప్పుకోవడానికి ఆయనకొక కారణం కావాలి. ఆ కారణాన్ని నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. మార్కులు గోడకు అంటించిన రోజు సుంకమ్మ ఏడవలేదు. మరునాడు పొద్దున్నే సంగటి ముద్ద గుడ్డలో కట్టుకుని మేకలు తోలుకుపోయింది. నేను ముందు గదిలోంచి చూస్తూ, చెప్పినట్టు రాసి ఉంటే సరిపోయేది కదా అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత సెలవులకు ఇంటికి పోదామని పెట్టె సర్దుకుంటుంటే అవ్వ లోపల్నించి పిలిచింది. "టీచరమ్మా, ఇట్ల రా. రోట్లో ఎండ పడతాండాది." మర్యాదకు వెళ్లాను. రోలు కడిగి, పసుపు రాసి, నీళ్లు పోసి పెట్టింది. ఎండ బిళ్ల నెమ్మదిగా రోటి అంచు దాటి లోపలికి దిగింది. నీళ్ల మీద పడ్డ వెలుగు పక్కకు ఎటూ పోకుండా తిన్నగా మళ్లీ గవాచిలోకే ఎక్కిపోయింది. తలెత్తి చూశాను. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు. చలికాలపు గీత ఎక్కడుందా అని వెతికితే అది రోటికి ఐదు మూరల అవతల, గింజల బానల దగ్గర ఉంది. అక్కడ బిళ్ల పొడుగ్గా సాగి పడేదని నాకూ గుర్తొచ్చింది. ఆ చలి రోజుల్లో దాని మీద కాళ్లు పెట్టుకుని నేనే ఎన్నోసార్లు నోట్సు రాసుకున్నాను. "సలికాలం ఎండ అంత పొడుగు పరుసుకుంటాది, అందుకే పల్సగ ఉంటాది. ఇప్పుడు అంతా ఒకే తావున పడతాండాది. కాలదా మరి" అంది అవ్వ, మజ్జిగలో నీళ్లెక్కువైతే పల్చబడుతుందని చెప్పినంత మామూలుగా.

గదిలోకి వెళ్లి పుస్తకం తీసి, దాటేసిన పేరా నాలుగుసార్లు చదివాను. భూమి ఒక పక్కకు ఒరిగి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. ఆ ఒరుగు దిక్కు మారదు. అందుకే ఏడాదిలో కొన్నాళ్లు మన వైపు సూర్యుడికి ఎదురొస్తుంది, కొన్నాళ్లు తప్పుకుంటుంది. ఎదురొచ్చినప్పుడు ఎండ నిటారుగా పడుతుంది, పగలు పెరుగుతుంది. తప్పుకున్నప్పుడు ఏటవాలుగా పడుతుంది, పగలు తగ్గుతుంది. ఇందులో దగ్గరా దూరం అనే మాటే లేదు. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వెళ్లేది మనం దుప్పటి కప్పుకుని వణికే రోజుల్లోనేనని తర్వాత ఇంకో పుస్తకంలో చదివి తల పట్టుకున్నాను. ఆ మధ్యాహ్నం మాత్రం నాకు కనిపించింది ఒకటే. సుంకమ్మ సరిగ్గా రాసింది, తప్పు నాది.

హెడ్మాస్టరు గారు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. పోయి, సుంకమ్మకు సైన్సులో రెండు మార్కులు కలపాలన్నాను. "కలపొచ్చు తల్లీ. కారణం ఏమని రాయమంటావు?" అన్నారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. చదువురాని ముసలమ్మ దగ్గర పాఠం దిద్దుకున్న టీచరని ఊరంతా నవ్వుతారు. "పేద పిల్ల సార్. జాలిపడి" అన్నాను. ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి, "మంచిది" అని సంతకం పెట్టారు. పొద్దు వాలకముందే తనే ఇంటికొచ్చి, "మీ పాప పాసైనాది నారాయణప్పా. మేడం పెద్ద మనసు చేసుకుని రెండు మార్కులేసింది" అని చెప్పారు. నారాయణప్ప నాకు చేతులు జోడించాడు. అవ్వ చెనక్కాయలు బెల్లంతో దంచి కట్టిన ఉంటలు తెచ్చి నా ఒళ్లో పోసి, "నీ కడుపు సల్లగుండ" అంది. మేకల దగ్గర్నించి అప్పుడే వచ్చిన సుంకమ్మ గడప అవతల నిలబడి నన్నే చూస్తోంది. ఏదో అడగబోయి ఆగిపోయింది. నేను తలొంచుకుని ఉంట కొరికాను.

ఆ తర్వాత పని చేసిన ప్రతి బడిలోనూ రుతువుల పాఠాన్ని నేను పండగలా చెప్పాను. చీనీకాయకు, అంటే బత్తాయికి, చీపురుపుల్ల గుచ్చి, లాంతరు చుట్టూ తిప్పుతూ, ఎక్కడికి పోయినా పుల్ల ఒకే గోడ వైపు చూడాలని పిల్లల చేత పట్టి చూపించేదాన్ని. బడి ముందు కర్ర పాతి వారానికోసారి నడిపొద్దు నీడకు రాయి పెట్టించేదాన్ని. "ఒక ఊళ్లో ఒక మిద్దె, ఆ మిద్దెకొక గవాచి, ఆ ఇంట్లో ఒక పాప" అని మొదలుపెడితే వెనక బెంచీవాళ్లు కూడా ముందుకు జరిగేవారు. ఆ పాప పేరు ఏనాడూ చెప్పలేదు. సున్నా సంగతి అసలే చెప్పలేదు. ఆ పాఠానికే నాకు శాలువా కప్పి, ప్రశంసాపత్రం ఇచ్చారు. అది మా హాల్లో గోడకుంది, దాని మీద నా పేరొక్కటే ఉంది. సుంకమ్మ హైస్కూల్లో పదిదాకా చదివింది. ఇల్లరికపు మొగుడితో ఆ మిద్దెలోనే ఉండి, తండ్రి భూమిని తనే సేద్యం చేసుకుంటూ వచ్చింది. కొన్ని ఏళ్లు భరణి కార్తెలో నాకు ఫోన్ చేసి, "రోట్లో ఎండ పడినాది మేడం" అని పెట్టేసేది. నాకది పలకరింపో, గుర్తు చెయ్యడమో తెలిసేది కాదు.

మొన్న పొద్దున బస్సులో పోతుంటే దారి గుర్తు పట్టలేకపోయాను. అప్పట్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చే బస్సులో మేకలతో సహా ఎక్కేవాళ్లు. ఇప్పుడు అందరూ బైకుల మీదే, బస్సు సగం ఖాళీ. చెనక్కాయ చేలలో కొన్ని డ్రిప్పు పైపులతో చీనీ తోటలయ్యాయి. కొన్నిచోట్ల పైరే లేదు, ఎండను కరెంటు చేసే పలకలు కనుచూపు మేర పరిచారు. అన్నీ దక్షిణానికి ఒరిగి ఉన్నాయి. ఎందుకు ఒరిగాయో నా పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాణ్ణి అడగాలని నోరు దురద పెట్టింది, ఆపుకున్నాను. ఊళ్లో సుంకమ్మ మనవరాలు గీత, ఆమె తరగతి పిల్లలూ సెలవులిచ్చారని మిద్దె పడగొట్టడం చూడ్డానికి చేరారు. రుతువులు ఎందుకొస్తాయని అడిగితే భూమి ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగిందని ఒకే గొంతుతో చెప్పారు. ఫోన్లో భూగోళం తిరిగే వీడియో కూడా చూపించారు. చాలా బాగుంది, నా చీనీకాయ ఎందుకూ పనికిరాదు. "నడిపొద్దున మీ నీడ ఏ దిక్కు పడుతుంది?" అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లననడానికి నాకు నోరు లేదు. చుట్టూ చూడకుండా పుస్తకం అప్పజెప్పడంలో వాళ్లకన్నా నేనే ముందు.

పక్కనే కొత్త స్లాబు ఇల్లు లేస్తోంది. దానికి గవాచి లేదు. "రోలు బయట వాకిట్లో పాతిస్తాం మేడం. అప్పుడు రోజూ రోట్లో ఎండే" అని సుంకమ్మ నవ్వింది. జుట్టు నెరిసింది కానీ కళ్లు అవే. పాత మిద్దెలో సామానంతా తీసేశారు. ఖాళీ ఇంట్లో రోలొక్కటే పసుపు రాసుకుని, నీళ్లతో నిండి ఉంది. పన్నెండు దాటింది. బిళ్ల రోటికి పడమరగా బెత్తెడు దూరంలో ఉంది. "పిల్లోళ్లకు ఆ పాఠం సెప్పండి మేడం, మీరు సెప్తే ఇనాల" అంది సుంకమ్మ. అలవాటు కొద్దీ, "ఒక ఊళ్లో ఒక మిద్దె, ఆ మిద్దెకొక గవాచి, ఆ ఇంట్లో ఒక పాప" అని మొదలుపెట్టాను. అక్కడ ఆగిపోయాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"ఆ పాప పేరు సుంకమ్మ" అన్నాను. "ఇదిగో, ఈ అవ్వే. ఎండాకాలం ఎందుకొస్తుందో ఆమె సరిగ్గా రాసింది. నాకే తెలియక సున్నా వేశాను. తప్పు తెలిశాక, నాదని ఒప్పుకోలేక, జాలిపడి రెండు మార్కులేశానని చెప్పాను. జాలి కాదు. అవి ఆమెవే. ఐదుకు ఐదూ ఆమెవే." సుంకమ్మ చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడింది. "హైస్కూల్లో మూడేండ్లు నేను ఒక్కతూరి గూడ లేసి ఏమీ అడగలేదు మేడం" అంది. కోపంగా అనలేదు. "జాలి మార్కుల మీద వచ్చినదాన్ని, నాకేం తెలుసులే అనుకుంటాంటి." నేను ఆమె నుంచి తీసుకున్నది రెండు మార్కులో ఐదు మార్కులో అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. తీసుకున్నది ఇదని అప్పుడు తెలిసింది. "తప్పయింది సుంకమ్మా" అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "రాండి, ఎండొస్తాండాది" అంది.

అందరం రోటి చుట్టూ చేరాం. బిళ్ల అంచు దాటి నీళ్లలోకి దిగింది. వెలుగు తిన్నగా గవాచిలోకి ఎక్కిపోయింది. గీత నోరు తెరుచుకుని కిందికీ పైకీ చూస్తోంది. అప్పుడు రోటికి అవతల కూర్చున్న సుంకమ్మ, మూడో వరసలో లేచినట్టే, కుడి చెయ్యి పైకెత్తింది.

"మేడం, ఒకటి అడగల్ల. ఆశ్లేషలో గూడ ఎండ ఇట్లనే రోట్లో పడతాది గదా. సూర్యుడు ఇట్లనే నెత్తి మీదుంటాడు. మరి అప్పుడు ఇంతగా కాలదు. ఎందుకని?"

జవాబు నాకు తెలుసు. మబ్బులు, తడిసిన నేల, వాన గాలి, అన్నీ వరసగా నోటిదాకా వచ్చాయి. మింగేశాను. మోకాళ్లు పట్టుకుని, ఆమెకెదురుగా నేల మీద కూర్చున్నాను.

"ముందు నువ్వేమనుకుంటాండావో చెప్పు సుంకమ్మా" అన్నాను.